గీటురాయి దగ్గర నేను చేసిన తప్పు

నగల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను నేర్పమని అడిగేది గీటు చూడటం. అది నేర్పడానికి రెండు నెలలు చాలు. నల్లరాయి మీద బంగారాన్ని రుద్దితే గీత పడుతుంది. ఆ గీత మీద యాసిడ్ చుక్క వేస్తాం. రాగి ఎక్కువ కలిసిన బంగారమైతే గీత ఆకుపచ్చగా మారి చెరిగిపోతుంది, మేలు బంగారమైతే నిలుస్తుంది. నలభై ఏళ్ళు నేను చేసిన పని ఇంతే.

ఆ నలభై ఏళ్ళ గురించి రాయబోవటం లేదు. మొదటి ఐదారేళ్ళ గురించి రాస్తాను. ఈ పనిలో నాకు తెలిసినదంతా అప్పుడే తెలిసింది. అందులో సగం, ఒక మంచి పనివాడికి అన్యాయం చేసి తెలుసుకున్నాను.

షాపూ, షావుకార్లూ

నేను నరసరావుపేట బజారులో ఒక నగల షాపులో చేరేనాటికి రెండో ప్రపంచయుద్ధం మొదలై కొన్ని నెలలైంది. నాకు ఇరవై మూడేళ్ళు. షాపు పెట్టినాయన అప్పటికే పోయారు. గురజాల దగ్గర పల్లెటూరి మనిషి. చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని తిరునాళ్ళలో ముక్కుపుడకలూ చెవికమ్మలూ అమ్మి, బజారులో ఒక గది అద్దెకు తీసుకుని, చివరికి రెండంకణాల షాపు కట్టించారు. ఆయన తర్వాత ఇద్దరు కొడుకులు నడిపారు. పెద్దాయన నరసింహం గారు ముందు గదిలో కూర్చుని అమ్మకం చూసేవారు. చిన్నాయన పిచ్చయ్య గారు వెనక గదిలో ముగ్గురు కంసాలులకు బంగారం తూచి ఇచ్చి పని చేయించేవారు. ఊళ్ళో అందరికీ వాళ్ళు పెద్ద షావుకారు, చిన్న షావుకారు.

ఆ ముగ్గురిలో పెద్దవాడు బ్రహ్మయ్య. మాచర్ల మనిషి, మా నాన్నకు స్నేహితుడు. నన్ను షాపులో పెట్టించింది ఆయనే. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

చేరిన రోజు పెద్ద షావుకారు నన్ను పైనుంచి కిందకి చూసి అడిగారు.

"ఏరా సత్యం, బ్రహ్మయ్య నీకు చుట్టమా?"

"కాదండీ, మా నాయనకు స్నేహితుడు."

"చుట్టమైతే మేలుగా ఉండేది. ఎవడు ఎవడికి చుట్టమో తెలిస్తే, వస్తువు పోయినప్పుడు యాడ చూడాలో తెలుస్తది."

ఆయన తమాషాకి అన్నారనుకున్నాను. ఆయన తమాషాకి ఏదీ అనరని వారం తిరక్కుండానే తెలిసింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు అందరం పంచె మడతలు విప్పి దులపాలి. ఇత్తడి పళ్ళెంలో చేతులు కడగాలి. ఆ నీళ్ళు పారబోయరు, అడుగున పేరుకున్న బంగారు రజను కోసం దాచిపెడతారు. కంసాలులు తలకి నూనె రాసుకుని రాకూడదు, జుట్టుకి రజను అంటుకుపోతుందని. ఇవన్నీ తండ్రి పెట్టిన కట్టుబాట్లే. తండ్రి వీటిని పనిలో భాగంగా చూసేవారట. కొడుకు వీటితో మనుషులను చూసేవారు. కంసాలి తుమ్మి ముక్కు తుడుచుకుంటే ఆ గుడ్డ వైపు కూడా ఆయన చూపు పోయేది.

అనుమానం పనికొచ్చిన రోజు

ఆయనకు అన్యాయం చేయకూడదు కాబట్టి ఇది కూడా రాయాలి. నేను చేరిన రెండో ఏడు ఒక పెద్ద రైతు వచ్చాడు. పల్నాటి లోపలి ఊరు, మాట చెల్లే మనిషి, వచ్చీ రాగానే బజారులో నలుగురు లేచి నిలబడ్డారు. పొలం కొనటానికని ఇంట్లోని చేతి మురుగులు అమ్మకానికి తెచ్చాడు. నేను గీటు చూశాను. చక్కగా నిలిచింది. అదే చెప్పాను.

"కొయ్యి," అన్నారు పెద్ద షావుకారు.

అంత మనిషి ముందు ఆయన వస్తువును కొయ్యటానికి నాకు చెయ్యి ఆడలేదు. రైతే, "కొయ్యవయ్యా, దానికేంది," అన్నాడు. కోశాను. పైన బంగారం రేకు, లోపల ఎర్రటి రాగి.

రైతు ఒక ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. కాసేపటికి, "మా మామ పెళ్ళిలో పెట్టినయ్యి. ఇరవై ఏళ్ళుగా మా ఆడమనిషి చేతికున్నయ్యి," అన్నాడు. కోసిన ముక్కలను గుడ్డలో మూట కట్టించుకుని, "బయట చెప్పమాకండి," అని వెళ్ళిపోయాడు.

తర్వాత పెద్ద షావుకారు నాతో అన్నారు. "మర్యాదస్తుడి వస్తువునే ముందు కొయ్యాలిరా. వాణ్ణి అంతకు ముందు ఎవడూ అడిగి ఉండడు."

ఆ మాట ఇప్పటికీ నిజమే. ఈ పనికి వచ్చేవాళ్ళెవరైనా దాన్ని గుర్తుపెట్టుకోవాలి. పెద్ద షావుకారుతో చిక్కల్లా వస్తువు మీద అనుమానం తీరగానే ఆయనకు దాన్ని తెచ్చిన మనిషి మీద మొదలయ్యేది. ఐదేళ్ళు ఆయన పక్కన కూర్చునేసరికి నాకూ అదే చూపు పట్టుకుంది. అదే తెలివి అనుకున్నాను.

బావి నీళ్ళు

యుద్ధం ఆఖరి వేసవిలో యాసిడ్‌కి కరువొచ్చింది. మద్రాసు నుంచి రావలసింది నెలల తరబడి రాలేదు. మిగిలిన చిక్కటి యాసిడ్‌ని పలచన చేసుకుంటూ వాడుతున్నాను. దానికి వాన నీళ్ళే వాడాలి. ఏటా వానాకాలంలో పట్టి పెద్ద జాడీలో దాచేవాళ్ళం. ఆ ఏడు వేసవి నడిమికే జాడీ అడుగంటింది. షాపు పెరట్లో బావి ఉంది. చేదతో ఇన్ని నీళ్ళు తోడి సీసాలో కలిపాను. అది చెప్పుకోదగ్గ పనని కూడా అనుకోలేదు.

రెండో తప్పు దానికంటే పెద్దది. మేలు బంగారంతో చేసిన చిన్న కడ్డీ ఒకటి మా దగ్గర ఉండేది. మచ్చుకడ్డీ అనేవాళ్ళం. ఏ వస్తువు చూసినా ముందు మచ్చుకడ్డీ గీసి, పక్కనే వస్తువును గీసి, రెంటి మీదా యాసిడ్ వేసి పోల్చాలి. నేనది మానేసి ఏడాది దాటింది. నా కంటికే అంతా తెలుసనుకున్నాను.

మార్తమ్మ గారి గొలుసు

ఆ సీసా కలిపిన మర్నాడు మార్తమ్మ గారని ఒకావిడ వచ్చారు. బొల్లాపల్లి దగ్గర ఊళ్ళో మిషన్ బడిలో టీచరు. నలభై ఏళ్ళుంటాయి. తమ్ముడు జబ్బుచేసి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడట. మెడలో గొలుసు తీసి నా ముందు పెట్టారు.

"రెండేళ్ళ కిందట ఇక్కడే కొన్నాను. కొక్కెం మీద మీ షాపు అక్షరం ఉంది, చూడండి."

అక్షరం ఉంది. రాయి మీద గీశాను. చుక్క వేశాను. గీత చెరిగిపోయింది. మళ్ళీ గీశాను. మళ్ళీ చెరిగింది.

"ఏంది?" అన్నారు పెద్ద షావుకారు.

"గీటు నిలవటం లేదండీ."

ఆయన ముందుకు జరిగారు. "అమ్మా, మధ్యలో యాడన్నా బాగుచేయించావా?"

"లేదండీ."

"ఎవరికన్నా ఇచ్చావా?"

"నా మెడలో నుంచి తియ్యలేదు."

"కొక్కెం మాదే. గొలుసు మాది కాదు," అన్నారు ఆయన. "కొక్కెం ఉంచుకుని గొలుసు మార్చి తేవటం చానామంది చేసేదే."

షాపులో పదిమంది దాకా ఉన్నారు. అందరూ ఆవిడనే చూస్తున్నారు. మార్తమ్మ గారు గొంతు పెంచలేదు.

"నేను బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పుకునే మనిషిని షావుకారు గారూ. గొలుసులు ఎట్లా మారుస్తారో నాకు తెలియదు. మార్చినవాళ్ళని ఏమంటారో మాత్రం తెలుసు. మీరు ఆ మాట ఒక్కటే మిగిల్చారు."

గొలుసు అందరి ముందే మెడలో వేసుకుని వెళ్ళిపోయారు.

పదకొండు వస్తువులు

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా పెద్ద షావుకారు అటే చూశారు. తర్వాత, "ఆ మనిషి అబద్ధమాడినట్టు లేదు," అన్నారు. నాకు కొంచెం ఊరటగా అనిపించింది. అంతలోనే, "అట్టయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆ గొలుసు చేసిందెవరు?" అన్నారు.

చేసింది బ్రహ్మయ్య బాబాయి.

"బ్రహ్మయ్య చేసినయ్యి బీరువాలో ఎన్ని ఉన్నయ్యి? అన్నీ తీయి."

పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటీ రాయి మీద గీశాను. పదకొండూ చెరిగాయి. మిగతా ఇద్దరు కంసాలులు చేసినవీ అదే బీరువాలో ఉన్నాయి. వాటిని కూడా గీసి చూడమని ఆయన అనలేదు. నాకూ తోచలేదు. ఒక్కటి గీసి ఉంటే అదీ చెరిగేది, అక్కడితో అంతా తేలిపోయేది. దొంగ ఎవరో ముందే నిర్ణయించుకుని వెతికాం కాబట్టి, దొరికినవన్నీ అతని మీదకే సాక్ష్యాలయ్యాయి.

వెనక గదిలోంచి పిచ్చయ్య గారినీ బ్రహ్మయ్యనూ పిలిపించారు. రాయి మీద మచ్చలు చూపించారు. ముందు మాట్లాడింది చిన్న షావుకారు.

"అన్నయ్యా, బంగారం తూచి ఇచ్చేది నేను. చేసింది తూచి తీసుకునేది నేను. రాగి కలిస్తే నాకు తెలియకుండా కలవదు."

"నేననేదీ అదే," అన్నారు పెద్ద షావుకారు.

ఆ మాట తననూ కలిపి అన్నదని పిచ్చయ్య గారికి అర్థం కావటానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అన్న ముఖం వైపు చూడలేదు. భుజం మీద కండువా సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

బ్రహ్మయ్య బాబాయి కదలలేదు. చేతులకింకా మసి ఉంది.

"ఒకటి కరిగించి చూడండి. రాగి కలిసుంటే తేలుద్ది," అన్నాడు.

"నువ్వు కరిగిస్తే నువ్వు చెప్పినట్టే తేలుద్ది."

"నేను ముట్టుకోను. సత్యం కరిగిస్తాడు." నా వైపు తిరిగాడు. "ఏం నాయనా, కరిగించు. గంట పని."

కరిగిస్తానని నేను అనవచ్చు. అంటే, నా గీటు మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా బ్రహ్మయ్య మనిషినే కాబట్టి వెనకేసుకొస్తున్నానని పెద్ద షావుకారు అనుకుంటారు. రెండూ ఒక్క క్షణంలో మనసులో మెదిలాయి. తల వంచుకుని, అప్పటికే చూసిన గాజునే మళ్ళీ రాయి మీద గీస్తూ కూర్చున్నాను.

బ్రహ్మయ్య బాబాయి కొంచెంసేపు చూశాడు. వెనక గదికి పోయి బంగారం అరగదీసే తన ఆకురాళ్ళూ, పట్టకార్లూ గోనెసంచిలో వేసుకున్నాడు. పెద్ద షావుకారు ఆ సంచి విప్పించి చూశారు. మర్నాడు బాబాయీ, ఆయన భార్య తులశమ్మ పిన్నీ మాచర్ల రైలెక్కారని విన్నాను.

రెండు వారాల్లో అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు చెప్పి చూశారు. పిచ్చయ్య గారు ఒకటే అడిగారట: "నన్ను అనుమానించలేదని మా అన్నని చెప్పమనండి." ఆయన చెప్పలేదు. చిన్నాయన చిలకలూరిపేటకు మారి అక్కడ వేరే షాపు పెట్టుకున్నారు.

ఆవిడ మళ్ళీ వచ్చారు

ఆ గొలుసు సంగతి తర్వాత మూడు వారాల్లో మా షాపుకి అమ్మకానికి వచ్చిన బంగారం దాదాపు అంతా చెరిగింది. కొందరిని వెనక్కి పంపాం, కొందరికి ధర తగ్గించాం. ఇంతమంది ఒక్కసారిగా మోసగాళ్ళెట్లా అయ్యారని మేము ఆలోచించలేదు. "యుద్ధం రోజులురా, జనం చెడిపోయారు," అన్నారు పెద్ద షావుకారు. నేను అవునన్నాను.

తొలకరి పడిన వారంలో మార్తమ్మ గారు వచ్చారు. ఈసారి మెడలో గొలుసు లేదు. చేతిలో చీటీ ఉంది.

"గుంటూరులో అమ్మాను. వాళ్ళు గీటు చూశారు, కోసి చూశారు, కరిగించి కూడా చూశారు. మేలు బంగారమని రాసిచ్చారు. మా తమ్ముడు లేచి తిరుగుతున్నాడు. మీ డబ్బేమీ నాకొద్దు. ఆ రోజు మీరన్న మాట పదిమంది విన్నారు. తప్పని ఇవాళ ఉన్న నలుగురి ముందు చెప్పండి, చాలు."

పెద్ద షావుకారు చీటీ అటూ ఇటూ తిప్పారు. "చీటీ ఎవరైనా రాసిస్తారమ్మా."

ఆవిడ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగారు. "చూసింది నువ్వే కదయ్యా. గొలుసన్నా తప్పయి ఉండాలి, గీటన్నా తప్పయి ఉండాలి. మీరు ఒకటే చూశారు. రెండోది చూసింది ఎవరు?"

ఆవిడ వెళ్ళాక, పెద్ద షావుకారు తన చిన్న కొడుకును కాపలా కూర్చోబెట్టి భోజనానికి లేచినప్పుడు, ఏడాదిగా ముట్టని మచ్చుకడ్డీ తీశాను. గీశాను. చుక్క వేశాను. గీత చెరిగిపోయింది.

రాయి శుభ్రంగా తుడిచి మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే. అప్పుడు బావి గుర్తొచ్చింది. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. వేసవిలో నోట్లో పోసుకోలేనంత ఉప్పన. ఉప్పు కలిసిన యాసిడ్ మేలు బంగారాన్ని కూడా తినేస్తుంది. ఈ సంగతి పని నేర్చుకున్న కొత్తలో నాకు చెప్పినవాడు బ్రహ్మయ్య బాబాయే.

చూరు కింద గిన్నె పెట్టి వాన నీళ్ళు పట్టాను. కొత్త సీసా కలిపాను. మచ్చుకడ్డీ నిలిచింది. బాబాయి చేసిన పదకొండూ నిలిచాయి. అది గురువారం.

ఆరు రోజులు

ఆ సాయంత్రమే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. పాత సీసా పారబోసి ఊరుకుంటే ఎవరికీ తెలియదని అనుకున్నాను. ఇది రాయటానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. చెప్తే నమ్మరనీ, బ్రహ్మయ్య నన్ను కొన్నాడంటారనీ నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. ఆ సాకులు కొంతవరకు నిజమే కూడా. శుక్ర, శని, ఆది, సోమ వారాలు గడిచాయి. మంగళవారం మధ్యాహ్నం రెండు సీసాలూ తీసుకెళ్ళి పెద్ద షావుకారు ముందు పెట్టి అంతా చెప్పాను.

ఆయన విని, "బ్రహ్మయ్య కబురు పంపాడా?" అన్నారు.

"లేదండీ."

"పిచ్చయ్య పంపాడా?"

"ఎవరూ పంపలేదండీ. తప్పు నాది."

"తప్పు నాదని ఊరికే ఎవడూ చెప్పడు. నీకేం వస్తది?"

ఆయన తన వేలి నుంచి ఉంగరం తీశారు. అది వాళ్ళ నాన్నగారిది. ఎన్నడూ రాయి మీద పెట్టింది కాదు. నాకు ఇవ్వకుండా ఆయనే గీశారు. పాత సీసాలో చుక్క ఆయనే వేశారు. గీత చెరిగిపోయింది.

ఒక్క క్షణం ఆయన ముఖంలో తండ్రి మీద కూడా అనుమానం కదిలింది. నేను చూశాను. నేను చూసినట్టు ఆయనకీ తెలిసింది. కొత్త సీసాతో మళ్ళీ వేశారు. గీత నిలిచింది. ఉంగరం పంచె అంచుతో తుడిచి మళ్ళీ తొడుక్కున్నారు.

"పోయి బ్రహ్మయ్యను తీసుకురా," అన్నారు.

ఆ తర్వాత షాపు ఏమైందో ఇక్కడే చెప్తాను. పెద్ద షావుకారు బండి కట్టించుకుని మార్తమ్మ గారి ఊరు వెళ్ళారు. బళ్ళో పిల్లల ముందు చేతులు జోడించి, తప్పు మాదని చెప్పారు. ఆవిడ కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించారట. పెద్ద షావుకారు తన తమ్ముడు పిచ్చయ్య గారికీ ఉత్తరం రాశారు. జవాబు రెండే వాక్యాలు: "బంగారం మంచిదని తేలినందుకు సంతోషం. నేను మంచివాణ్ణని తేల్చుకోవడానికి ఏ యాసిడ్ వాడారో రాయగలరు." వాళ్ళ పిల్లల కాలానికి రెండు షాపులూ రెండు వేరు ఇళ్ళవాళ్ళవే అయిపోయాయి. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. "నిన్ను పంపితే ఇంకొకణ్ణి నమ్మాల," అన్నారు పెద్ద షావుకారు. ఆయన పోయేదాకా నేను అక్కడే ఉన్నాను.

మాచర్ల

బుధవారం పొద్దున రైలెక్కి మధ్యాహ్నానికి మాచర్ల చేరాను. బాబాయి ఇంటి అరుగు మీద తాటాకు పందిరి కింద పనిపీట ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. పక్కన కుంపటి, పీట మీద ఎవరిదో బంగారు నానుతాడు, సగం అతికినది. నన్ను చూసి ఊదుగొట్టం కింద పెట్టాడు. తులశమ్మ పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నిలబడే అంతా చెప్పాను. బావి, సీసా, మచ్చుకడ్డీ. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"ఉప్పునీళ్ళని నీకెప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగాడు.

"గురువారం."

"ఇవాళ బుధవారం." వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఆరు రోజులు. ముందు మూడు వారాలూ నీకు తెలియదు. దానికి నేనేం అనను, చేతిపనిలో తప్పు ఎవడికైనా వస్తది. ఈ ఆరు రోజులూ మాత్రం దొంగ పేరు నా నెత్తిన తెలిసే ఉంచావు."

"తప్పే బాబాయ్."

"తప్పేలే."

పెద్ద షావుకారు రమ్మన్నారని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "రానని చెప్పు. కోపం కాదు. ఎవరో చూస్తన్నారనుకుంటా ఆకురాయి పడితే చెయ్యి వంకర పోద్ది. ఈడ నాకు బాగానే జరుగుతంది."

"ఎండన పడి వచ్చావు. అన్నం తిని పో," అంది పిన్ని. లోపలికి వెళ్ళింది.

అంతలో వీధి చివర బండి ఆగి ఎవరో బాబాయిని పిలిచారు. ఆయన లేచి, "కూర్చో, వస్తా," అని చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్ళాడు.

నానుతాడు పీట మీదే ఉంది. దాని పక్కన కత్తిరించిన తీగ ముక్కలు, చిన్న చిన్నవి, ఎన్నో తెలియదు. ఆకురాయి రజను కాగితం మీద పోసి ఉంది. నరసరావుపేట షాపులో అన్నేళ్ళు పనిచేసి, అంతవరకు ఒక్క నిమిషం కూడా నేను బంగారం పక్కన ఒంటరిగా లేను. ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేవారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. గాలికి కాగితం అంచు లేస్తుంటే దాన్ని అదిమి పట్టుకోవడానికి కూడా నాకు భయమేసింది.

బాబాయి చాలాసేపు రాలేదు. వీధి చివర బండివాళ్ళతో ఆయన మాట్లాడటం, ఒకసారి నవ్వటం వినపడుతూనే ఉంది. తిరిగి వచ్చి నా పక్కనుంచే నడిచి వెళ్ళి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. పీట వైపు చూడలేదు.

"లే," అన్నాడు. "మీ పిన్ని ఇస్తరాకేసింది."